కార్డు దవాఖాన కాదు

నాట్లు అయిపోయినయి, కాలువ నీళ్లు వస్తున్నయి, రెండు రోజులు కొంచెం తీరిక దొరికింది. ఈసారి వడ్ల రేటు గురించి కాదు, యూరియా లైన్ల గురించి కాదు, దవాఖాన గురించి రాస్తున్నా. కొంచెం పొడుగుంటది. ఓపిక పట్టి చివరిదాకా చదవండి. తిట్టాలనుకుంటే ఆ తర్వాత తిట్టండి.

మన ఊర్లల్ల ఒక ఇల్లు అప్పులపాలైందంటే కారణం ఏంది అని అడిగితే మనం ఠక్కున చెప్తం. బోరు ఫెయిలయింది, పంట పోయింది, బిడ్డ పెండ్లి చేసిండు అంటం. ఇంకొక కారణం ఉన్నది, దాన్ని మెల్లగ చెప్తం, అది దవాఖాన. బోరు పోతే ఎకరం ఎండుతది. దవాఖాన బిల్లు వస్తే ఎకరమే పోతది. మీ ఊర్ల గడిచిన పదేండ్లల్ల భూమి అమ్ముకున్నోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టండి. అందుల ఎంతమంది రోగం కోసం అమ్మిన్రో మీకే తెలుస్తది. నేను చెప్పాల్సిన పని లేదు.

"అదేందన్నా, ఆరోగ్యశ్రీ ఉన్నది గదా, పది లక్షలు చేసిన్రు గదా" అని మీరు అంటరు. అక్కడికే వస్తున్నా. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే ముచ్చట. కార్డు దవాఖాన కాదు. దవాఖాన కట్టి, అందుల డాక్టరును కూసోబెట్టి, మందులు నింపి, ఆ తర్వాత కార్డు ఇస్తే అది వైద్యం. దవాఖాన పాడుబెట్టి చేతుల కార్డు పెడితే, అది మన పైసలను వేరేటోళ్ల గల్లాకు చేర్చే చీటీ. ఇరవై ఏండ్ల నుంచి మన దగ్గర జరుగుతున్నది ఈ రెండోదే.

మొదలు మంచి చెప్తా. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ మొదలుపెట్టింది. మొదట అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలు, తర్వాత రాష్ట్రమంతా. గుండెకు రంధ్రం ఉన్న పిల్లలు, క్యాన్సర్ వచ్చిన ఆడోళ్లు, కిడ్నీలు పోయినోళ్లు ఎంతమందో దాంతోటి బతికిన్రు. దాన్ని కాదన్నోడు అబద్ధం ఆడినట్టే. తెలంగాణ వచ్చినంక కూడా దాన్ని నడిపిన్రు. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ అని ఇంకొకటి తెచ్చింది, కుటుంబానికి 5 లక్షలు అన్నది. 2023 డిసెంబర్‌లో కొత్త ప్రభుత్వం రాంగనే ఆరోగ్యశ్రీని 10 లక్షలు చేసింది. అంటే కాంగ్రెస్, టీఆర్ఎస్, బీజేపీ అందరు కార్డు పంచినోళ్లే. అందుకే "నువ్వు ఏ పార్టీ" అని అడగకండి. ఈ ముచ్చట అన్ని పార్టీలకు తగుల్తది.

ఇప్పుడు ఆ కార్డు ఎప్పుడు పనిచేస్తదో చూడండి. ఎక్కువ మట్టుకు మనిషి దవాఖానల మంచం ఎక్కినంకనే పనిచేస్తది. ఆపరేషన్‌కు పనిచేస్తది, డయాలసిస్‌కు పనిచేస్తది. జ్వరానికి చూపించుకునే ఫీజుకు పనిచెయ్యదు. బీపీ గోళీకి పనిచెయ్యదు. షుగర్ టెస్టుకు పనిచెయ్యదు. నడుము నొప్పికి, దమ్ముకు, చర్మం మీద వచ్చే రోగాలకు, చంటిపిల్ల విరేచనాలకు పనిచెయ్యదు. మరి మనకు ఏడాదిల వచ్చేటియి ఏ రోగాలు? ఇవే గదా. ఇంటిల్లిపాదికి ఏడాది పొడుగునా అయ్యే ఖర్చు లెక్కేసుకోండి, అందుల కార్డు ఏ మూలకు వచ్చిందో చూడండి.

బీపీ సంగతే తీసుకుందాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో మన రాష్ట్రంలో 15 ఏండ్లు దాటిన మగవాళ్లల్ల దగ్గర దగ్గర ముగ్గురిలో ఒకరికి బీపీ ఎక్కువున్నది. ఆడవాళ్లల్ల నలుగురిలో ఒకరికి. బీపీ గోళీ రోజుకు రెండు మూడు రూపాయల పని. ఆ గోళీ రోజూ వేసుకుంటూ నెలకోసారి చూపించుకుంటే ఆ మనిషి చేనుకు పోతడు, పని చేస్తడు. వేసుకోకుంటే ఏమైతది? పదేండ్లకో పదిహేనేండ్లకో ఒక పొద్దుగాల కాలు చెయ్యి పడిపోతది, లేకుంటే కిడ్నీలు చెడిపోతయి. అప్పుడు కార్డు బయటికొస్తది. రెండు రూపాయల కాడ లేని సర్కారు రెండు లక్షల కాడ ప్రత్యక్షమైతది. ఆ రెండు లక్షలు కూడా సర్కారు దవాఖానకు పోవు, ఎక్కువ భాగం ప్రైవేటుకు పోతయి. మడికి గట్టు పోసే పైసలు లేవట గానీ, తెగినంక కొట్టుకపోయిన పంటకు నష్టపరిహారం ఇస్తరట. ఏ రైతన్నా ఇట్ల సేద్యం చేస్తడా?

ఇంకొక చేదు ముచ్చట చెప్తా, కోపం తెచ్చుకోకండి. 2018 నుంచి మనకు రైతుబీమా ఉన్నది. 18 నుంచి 59 ఏండ్ల లోపు పట్టాదారు ఏ కారణంతోటి చనిపోయినా ఇంటోళ్లకు 5 లక్షలు. ప్రీమియం సర్కారే కడ్తది. మంచి పథకమే. ఎన్నో ఇండ్లను నిలబెట్టింది. కానీ ఆలోచించండి. నేను చచ్చిపోతే నా ధర ఎంతో సర్కారుకు తెలుసు, దానికి పద్ధతి ఉన్నది, గడువు ఉన్నది, ఫారం ఉన్నది. నేను చావకుండ ఉండాల్నంటే నెలకు ఎన్ని గోళీలు కావాలె, అవి ఏ తారీఖున ఏ ఊర్ల దొరుకుతయి అని అడిగితే మాత్రం జవాబు చెప్పెటోడు లేడు.

ఊరి దగ్గరి దవాఖానల సంగతి చూద్దాం. కాగితం మీద మన దేశం ఏర్పాటు చాలా చక్కగ ఉన్నది. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక సబ్ సెంటర్, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ, 1,20,000 మందికి ఒక సీహెచ్‌సీ. సీహెచ్‌సీల సర్జన్, కాన్పుల డాక్టరు, పిల్లల డాక్టరు, జనరల్ ఫిజీషియన్ ఉండాలె. కేంద్ర ప్రభుత్వం 2021-22కు అచ్చేసిన గ్రామీణ ఆరోగ్య లెక్కలే చెప్తున్నయి, దేశం మొత్తంల పల్లెల సీహెచ్‌సీలకు కావల్సిన ఈ స్పెషలిస్టులల్ల దాదాపు 80 శాతం కొరత. వంద మంది కావాల్నంటే ఇరవై మంది. నిజాంసాగర్ గేటు ఎత్తితే మొదట ఉన్న మడి నిండుతది, చివరి ఆయకట్టుకు తడి కూడా రాదు. చివరి ఆయకట్టు రైతుకు ఈ బాధ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. వైద్యం బడ్జెట్ కూడా గట్లనే పారుతున్నది. పెద్ద కాలువ అంతా హైదరాబాద్ దిక్కు. మనం చివరి తూము.

మెడికల్ కాలేజీలు పెట్టిన్రు గదా అంటరు. నిజమే. మన కామారెడ్డిల 2023లో మొదలైంది, నిజామాబాద్‌ల అంతకు పదేండ్ల ముందే ఉన్నది. సంతోషం. కానీ 2025లో జాతీయ వైద్య కమిషన్ మన రాష్ట్రంలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు వరుసపెట్టి నోటీసులు ఇచ్చింది. ఎందుకు? చదువు చెప్పే డాక్టర్లు సరిపోను లేరు కాబట్టి. బోర్డు రాసినంత మాత్రాన కాలేజీ కాదు, కార్డు ఇచ్చినంత మాత్రాన వైద్యం కాదు. రిబ్బన్ కత్తిరించే రోజు అందరు వస్తరు, ఖాళీ పోస్టు నింపే రోజుకు ఎవ్వరు రారు. దానికి ఫొటో ఉండదు గదా!

దవాఖానల డాక్టరు లేనప్పుడు మనం ఎవరి దగ్గరికి పోతం? ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయనను తిట్టుడు చాలా అలకగ. కానీ అర్ధరాత్రి ఫోన్ చేస్తే బండేసుకొని వచ్చేది ఆయనే, ఉద్దెర పెట్టేది ఆయనే, మన మాట వినేది ఆయనే. ఆయన ఇచ్చే స్టెరాయిడ్ సూది, అవసరం లేని యాంటీబయాటిక్ మన ఒంటిని పాడు చేస్తున్నయి, అది కూడా నిజమే. ఇంకొక నిజం ఏందంటే, కేసు పెద్దగైతే ఏ ప్రైవేటు దవాఖానకు తోలాలె, తోలితే ఎంత ముడుతది అనే లెక్కలు కూడా నడుస్తయి. మా ఇంటోళ్లకు ఒకసారి కడుపు నొప్పి వస్తే గిట్లనే ఒక దవాఖానకు తోలిండు. పేరు రాయను. అక్కడ మూడు రోజులు ఉంచుకొని, ఐదు రకాల టెస్టులు చేసి, చివరికి గ్యాస్ అని చెప్పి పంపిన్రు. బిల్లు మాత్రం ఆ యాసంగిల మిగిలిన పైసలకు సరిపోయింది. సర్కారు దవాఖాన ఖాళీగ ఉంచితే ఆ ఖాళీ ఖాళీగనే ఉండదు. ఎవడో ఒకడు వచ్చి కూసుంటడు.

ప్రైవేటు ఖర్చు ఎంతో నా మాట నమ్మకండి, సర్కారు లెక్కే చూడండి. 2017-18 జాతీయ నమూనా సర్వేల దేశం మొత్తం మీద ఒక్కసారి దవాఖానల చేరితే జేబుల నుంచి అయిన ఖర్చు సగటున సర్కారు దవాఖానల 4,452 రూపాయలు, ప్రైవేటుల 31,845 రూపాయలు. ఏడింతలు! అయినా సగానికంటే ఎక్కువ మంది ప్రైవేటుకే పోయిన్రు. పైసలెక్కువై పోయిన్రా? కాదు. ఇక్కడ డాక్టరు ఉంటడో ఉండడో తెల్వక పోయిన్రు.

కార్డు పట్టుకొని పోయినోళ్ల గతి ఇంకోటి. సర్కారు టైముకు బిల్లులు కట్టదు. 2025లోనే జనవరిల ఒకసారి, సెప్టెంబర్‌ల ఇంకోసారి నెట్‌వర్క్ హాస్పిటళ్లు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసినయి. బాకీ వెయ్యి కోట్ల పైమాటే అని హాస్పిటళ్ల సంఘం చెప్పింది. వాళ్లను మొత్తానికి తప్పు పట్టలేం. ఐకేపీ సెంటర్ల అమ్మిన వడ్ల పైసలు నెల ఆలస్యమైతే మనం రోడ్డు ఎక్కుతం గదా. కానీ వాళ్ల గొడవల నడుమ ఇరుక్కున్నది ఎవరు? స్ట్రెచర్ మీద ఉన్న మనిషి. పది లక్షలు అని కార్డు మీద రాసి ఉన్నది, కౌంటర్ల "ఆరోగ్యశ్రీ బంద్" అని బోర్డు ఉన్నది. సొంత దవాఖాన లేనోడు కిరాయి ఇంట్ల ఉన్నట్టే. ఓనరు ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలె.

పైసలు ఆపరేషన్‌కే వస్తయంటే ఇంకొకటి కూడా జరుగుతది, ఆపరేషన్లే పెరుగుతయి. ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తల్ల పల్లెటూరి ఆడోళ్లకు గర్భసంచులు తీసేస్తున్నరని ఉమ్మడి రాష్ట్రంలనే పెద్ద గొడవైంది. ఆ తర్వాత కొన్ని రకాల ఆపరేషన్లను సర్కారు దవాఖానలకే పరిమితం చెయ్యాల్సి వచ్చింది. కార్డు సంగతి వదిలెయ్యండి, కాన్పులు చూడండి. అదే కుటుంబ ఆరోగ్య సర్వేల తెలంగాణల నూరు కాన్పులకు 60.7 కోతలే, ప్రైవేటుల 81.5. దేశంల మనమే మొదటి స్థానం. మన ఆడబిడ్డల కడుపులు ఒక్కసారిగ అంత బలహీనం అయినయా? సర్కారు దవాఖానల్ల కూడా 44.5 అని ఉన్నది, అది కూడా ఎక్కువే. ముహూర్తం చూసుకొని కోయించుకునేటోళ్లు మనలనే ఉన్నరు, అది కూడా మానాలె. కానీ కోతకు ఎక్కువ, కాన్పుకు తక్కువ ఇచ్చే బజారుల కత్తి ఆగుతదా?

ఇప్పుడు మీరు అంటరు, "సర్కారు దవాఖానల పని చెయ్యరన్నా, అందుకే ఎవ్వరు పోరు" అని. దీనికి జవాబు చెప్పేతందుకు ఎక్కడికో పోవుడు అవసరం లేదు, మన బాన్సువాడ చౌరస్తాకు రండి. మన మాతాశిశు దవాఖాన సర్కారుదే. 2022లో దానికి తల్లిపాల విషయంల మంచి పద్ధతి పాటిస్తున్నదని జాతీయ స్థాయి గుర్తింపు వచ్చింది. పుట్టిన గంటల్నే బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించుడు, డబ్బా పాలు అలవాటు చెయ్యకపోవుడు, తల్లికి పక్కన కూసొని నేర్పుడు, ఇదంతా సర్కారు నర్సులే చేసిన్రు. ఎట్ల అయింది? బిల్డింగ్ ఉన్నది, మనుషులు ఉన్నరు, పైనుంచి అడిగెటోడు ఉన్నడు. 2017ల కిట్టు, దానితోని 12 వేలు, ఆడపిల్లయితే 13 వేలు పెట్టేసరికి జనం కూడా వచ్చిన్రు. జనం వస్తే దవాఖాన బాగుపడుతది, బాగుపడితే ఇంకింత జనం వస్తరు. సర్కారోళ్లకు చేతగాదు అనేది అబద్ధం. చెయ్యాల్నని అనుకున్న కాడ చేసి చూపించిన్రు. అనుకోని కాడ చెయ్యలేదు. అంతే తేడా.

"పైసలు ఏడికెల్లి వస్తయి" అనేది రెండో ప్రశ్న. 2017 జాతీయ ఆరోగ్య విధానంల కేంద్రమే రాసుకున్నది, 2025 నాటికి దేశ ఆదాయంల 2.5 శాతం సర్కారు వైద్యానికి పెట్టాలె అని, అందుల మూడింట రెండొంతులు కింది స్థాయి వైద్యానికే పోవాలె అని, రాష్ట్రాలు తమ బడ్జెట్‌ల 8 శాతానికి పైగా పెట్టాలె అని. జరిగింది ఏంది? 2021-22 లెక్కల్ల కేంద్రం రాష్ట్రాలు కలిసి పెట్టింది 1.84 శాతం, అది కూడా కరోనా కాలంల. మన రాష్ట్రం 2025-26 బడ్జెట్ 3 లక్షల 4 వేల కోట్ల పైన, అందుల ఆరోగ్యానికి 12,393 కోట్లు. నూటికి నాలుగు రూపాయలు. రాసుకున్నదాంట్ల సగం. ఉన్న ఆ సగంల నుంచి కూడా కార్డు బాకీలు పోంగ పీహెచ్‌సీకి మిగిలేది ఎంత? అదే 2021-22 లెక్కల్ల దేశంల వైద్యానికి అయిన ప్రతి నూరు రూపాయల్ల 39 రూపాయలు జనం జేబుల నుంచి పోయినయి. పైసలు లేవు అనేది తప్పు. పైసలు పెడుతనే ఉన్నం, మిత్తికి తెచ్చి పెడుతున్నం.

మనలాగనే వరి పండించే దేశం ఒకటున్నది, థాయిలాండ్. 2001ల అక్కడ 30 బాత్ పథకం అని పెట్టిన్రు. ఒక్కసారి దవాఖానకు పోతే 30 బాత్‌లు కట్టాలె, మిగతాది సర్కారు చూసుకుంటది. ప్రపంచమంతా మెచ్చుకున్నది. కానీ దాని వెనుక ముచ్చట మనోళ్లు చెప్పరు. అంతకు ఇరవై ఏండ్ల ముందు నుంచి, 1980ల పొడుగునా, వాళ్లు పట్నం దవాఖానలకు పోయే పైసలను పల్లెలకు మళ్లించి, మన మండలాల లెక్క ఉండే ప్రతి ప్రాంతానికి ఒక దవాఖాన కట్టుకుంట వచ్చిన్రు. చదువుకున్న డాక్టర్లు కొన్నేండ్లు పల్లెల చెయ్యాల్నని నిబంధన పెట్టిన్రు. నారుమడి పోసి, దున్ని, నీళ్లు పెట్టి అప్పుడు నాటు వేసిన్రు. మనోళ్లు ఎండిన దుక్కిల నాటు వేసిన్రు.

ఇది ఎవరికీ తెల్వని ముచ్చట కాదు. స్వతంత్రం రాకముందే, 1946ల, సర్ జోసెఫ్ భోర్ కమిటీ రాసి ఇచ్చింది. పైసలు లేవన్న కారణంతోటి ఎవ్వరికీ వైద్యం అందకుండ పోవద్దు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే పునాది కావాలె అన్నది. సరిగ్గ రెండేండ్లకు, 1948ల, యుద్ధంల దివాళా తీసిన ఇంగ్లండ్ తన జనానికి పన్నుల పైసలతోటి ఉచిత వైద్యం మొదలుపెట్టింది. ఇయ్యాల అక్కడ కూడా తిప్పలు ఉన్నయి, ఆపరేషన్ల కోసం నెలల తరబడి ఎదురుచూసే లైన్లు ఉన్నయి. కానీ అక్కడ రైతు దవాఖాన బిల్లు కట్టేతందుకు భూమి అమ్మడు. మనకు 1946 రిపోర్టు బీరువాల ఉన్నది, తాళం చెవి ఎవరి దగ్గరున్నదో అడిగెటోడు లేడు.

మరి ఏం అడగాలె? కొత్త పథకం అడగకండి. పేరు మార్చిన కార్డు అస్సలు అడగకండి. ఇవి అడగండి.

ఒకటి, ప్రతి పీహెచ్‌సీ, ఏరియా దవాఖాన గోడ మీద ఎన్ని పోస్టులు, ఎంతమంది ఉన్నరు, ఇయ్యాల డ్యూటీల ఎవరు అని పెద్దగ రాయాలె.

రెండు, బీపీ, షుగర్, మూర్ఛ, దమ్ము మందులు నెలనెలా ఒకే తారీఖున ఊర్లనే చేతికి రావాలె. మందుల సంచి ఇచ్చుడు మొదలుపెట్టిన్రు, మంచిదే. ఒక నెల ఇచ్చి ఒక నెల మానితే అది వైద్యం కాదు. తమిళనాడు 1995 నుంచి ఒక్క కార్పొరేషన్ ద్వారా మందులు కొని పంచుతున్నది, మనకెందుకు చాతకాదు?

మూడు, పాము కాటు మందు, కుక్క కాటు మందు ఏ రాత్రి పోయినా ఉండాలె. పొలంల పని చేసేటోళ్లకు ఇది కోరిక కాదు, హక్కు.

నాలుగు, ఆశ అక్కలకు సరైన జీతం. 2005 నుంచి ఇంటింటికి తిరిగేది వాళ్లే, 9,750 రూపాయలు చేతిల పెట్టి పద్దెనిమిది వేలు అడిగితే ధర్నాల లాక్కపోయిన్రు. ఊర్ల ఎవరికి బీపీ ఉన్నదో ఏ కార్డుకూ తెల్వదు, ఆశ అక్కకు తెలుసు.

ఐదు, ఆరోగ్యశ్రీని తీసెయ్యొద్దు. కానీ దాని బాకీ ఎంత, ఏ నెల ఎంత కట్టిన్రు అని అందరికి కనపడేటట్టు పెట్టాలె. సర్కారు దవాఖానల చేసే ఆపరేషన్‌ను ప్రైవేటుకు తోలుడు బంద్ చెయ్యాలె.

చివరికి మనతోని ఒక మాట. సర్కారు దవాఖానల నర్సు గట్టిగ మాట్లాడితే అలిగి ప్రైవేటుకు పోతం, అక్కడ బిల్లు చూసి నోరు మూసుకుంటం. కాలువల పూడిక తియ్యకుంటే నీళ్లు రావని మనకు తెలుసు, అందరం కలిసి పారలు పట్టుకొని పోతం. దవాఖాన కూడా మన కాలువే. డాక్టరు లేడంటే ఇంటికి మర్లి రాకండి. ఎందుకు లేడు, ఎప్పుడు వస్తడు అని కాగితం మీద రాసి అడగండి. పది మంది కలిసి అడగండి. గ్రామసభల అడగండి. ఓట్లకు వచ్చినోడు "పది లక్షల కార్డు ఇచ్చినం" అంటే, "అన్నా, ఇక్కడికి దగ్గర దవాఖానల ఈ రాత్రి డాక్టరు ఉన్నడా?" అని ఒక్క మాట అడగండి. వాడు ఫోన్ తీసి కనుక్కునే దాక కదలకండి.

మీ ఊరి పీహెచ్‌సీల ఈ వారం ఏ మందులు ఉన్నయి, ఏవి లేవు అని కింద రాయండి. పార్టీల లొల్లి వద్దు, మందుల పేర్లు రాయండి. నేను అన్నీ ఒక కాగితం మీద ఎక్కించి పెద్దసార్ల దగ్గరికి పట్టుకపోతా. వచ్చేటోళ్లు చెప్పండి, కలిసి పోదాం.